వంగేటప్పుడు ఊపిరి ఎందుకు వదలాలి?

ఊపిరికి తగ్గట్టు కదులుతూ ఆసనాలు వేసే విన్యాస యోగా క్లాసులో కొత్తగా చేరిన ఒక పాఠకురాలు అడిగారు: "చేతులు పైకెత్తుతూ గాలి పీల్చమంటారు, వంగుతూ వదలమంటారు. తిరగేసి చేస్తే ఆక్సిజన్ తక్కువ అందుతుందా?"

ముందు ఆక్సిజన్ సంగతి తేల్చేద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చున్నా ధమనుల్లోని హిమోగ్లోబిన్ 95 శాతానికి పైగా ఆక్సిజన్‌తో నిండే ఉంటుంది. ఇంకెంత పీల్చినా అక్కడ పెద్దగా చోటు లేదు. పైగా గబగబా లోతుగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, మెదడు రక్తనాళాలు ముడుచుకుని కళ్లు తిరుగుతాయి. నడుం మెలితిప్పితే ఒంట్లోని విషాలు పోతాయన్న మాట కూడా ఇలాంటి నమ్మకమే. ఆ పని చేసేవి కాలేయం, మూత్రపిండాలు. క్లాసుల్లో ఇప్పటికీ ఇవే చెబుతుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు కారణం వీటికంటే చాలా అందమైంది.

మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చండి. నాడి వేగం కాస్త పెరుగుతుంది. వదిలితే తగ్గుతుంది. 1847లోనే జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ దీన్ని గీతలుగా నమోదు చేశాడు. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 70 దగ్గర పట్టి ఉంచేది మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం. పీల్చేటప్పుడు ఆ పట్టు సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. బిగిసినప్పుడు ఆ నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, గుండె లయను నడిపే సైనో ఏట్రియల్ నోడ్ కణాల్లో పొటాషియం ద్వారాలు తెరుచుకుని, తర్వాతి స్పందన ఆలస్యమవుతుంది.

ఇక రెండో సంగతి. మెడలోని కెరోటిడ్ ధమని గోడలో, బృహద్ధమని వంపులో రక్తపోటును పసిగట్టే బేరోరిసెప్టర్లు ఉన్నాయి. బీపీ పెరిగితే ఇవి మెదడుకు చెప్పి గుండెను నెమ్మది చేయిస్తాయి, రక్తనాళాలను వదులు చేయిస్తాయి. గుండె వెంటనే మాట వింటుంది కానీ, నాళాలకు సుమారు 5 సెకన్లు పడుతుంది. అందుకే బీపీ పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగే ఒక చుట్టుకు దాదాపు 10 సెకన్లు.

అట్లతద్ది ఉయ్యాలను తలచుకోండి. ప్రతి ఉయ్యాలకూ సొంత తాళం ఉంటుంది. వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో తోస్తే చిటికెన వేలి బలానికే కొమ్మ ఎత్తుకు వెళుతుంది. తొందరపడి తోస్తే ఆగిపోతుంది. మన 10 సెకన్ల బీపీ చుట్టే ఆ ఉయ్యాల, ఊపిరి ఆ తోపు. 10 సెకన్లకు ఒకటి, అంటే నిమిషానికి 6 ఊపిరులు తీస్తే గుండె వేగం, రక్తపోటు రెండూ పెద్ద పెద్ద అలలుగా ఊగుతాయి. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం లాటిన్ జపమాల ప్రార్థననూ, 'ఓం మణి పద్మే హుం' మంత్రాన్నీ పరీక్షించింది. రెండూ ఊపిరిని నిమిషానికి 6 దగ్గరికే తెచ్చాయి!

విన్యాసంలో ఆ ఉయ్యాలను తోసే రెండో చెయ్యి ఒకటుంది: భూమ్యాకర్షణ. వంగితే తల గుండె కంటే కిందికి వస్తుంది, మెడలో పీడనం పెరుగుతుంది, గుండె నెమ్మదించాలి. ఊపిరి వదలడమూ అదే కోరుతుంది. పైకి లేస్తే రక్తం కాళ్లవైపు జారుతుంది, గుండె వేగం పెంచాలి. గాలి పీల్చడమూ అదే చేస్తుంది. రెండు తోపులూ ఒకే వైపు! తిరగేసి చేస్తే ప్రమాదమేమీ లేదు కానీ రెండు చేతులూ ఎదురెదురుగా తోస్తాయి. పైగా మడతపడిన పొట్టలో డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింది కండరం) కిందికి దిగడానికి చోటుండదు. లేచేటప్పుడు కళ్లు తిరిగేవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఎలా చేసినా నెమ్మదిగా లేవాలి.

మైసూరు యోగా గురువు పట్టాభి జోయిస్ నేర్పిన మొదటి రకం సూర్యనమస్కారంలో 9 విన్యాసాలు, అంటే ఊపిరితో కలిసిన కదలికలు. చివర నిలబడటంతో కలిపి 10 కదలికలు. ఒక్కోదానికి 5 సెకన్లు ఇస్తే 50 సెకన్లు, 5 పూర్తి ఊపిరులు. మధ్యలో అధోముఖ శ్వానాసనంలో (చేతులూ కాళ్లూ నేలకు ఆనించి నడుం పైకెత్తే భంగిమ) ఆగే 5 ఊపిరులకు ఇంకో 50. చాలా క్లాసులు దీనికంటే వేగంగా పరుగెత్తిస్తాయి. రొప్పు మొదలైతే వేగస్ పట్టు వదిలేస్తుంది, అల చదునైపోతుంది. అప్పుడు అది మంచి వ్యాయామమే, కానీ ఉయ్యాల ఆగినట్టే.

పొడుగు తాళ్ల ఉయ్యాల నెమ్మదిగా ఊగుతుంది కదా, పొడగరుల తాళం కూడా అలాగే కొంచెం నెమ్మది. మనిషిని బట్టి నిమిషానికి నాలుగున్నర నుంచి ఆరున్నర ఊపిరుల మధ్య మారుతుంది. ఒకే లెక్కకు క్లాసంతా కదిలితే కొందరికి తాళం తప్పుతుంది. అందుకే నాకు మైసూరు పద్ధతి నచ్చుతుంది: ఒకే గదిలో ఎవరి ఊపిరి లెక్కన వాళ్లు చేసుకుంటారు, గురువు మధ్యలో తిరుగుతూ సరిదిద్దుతారు.