ఓఆర్‌ఎస్, సెలైన్, నీళ్ళు ఎటు పోతాయి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఓఆర్‌ఎస్ చిక్కగా కలిపితే త్వరగా పనిచేస్తుంది.

పిల్లల ఓపీలో నాకు ఎక్కువగా కనబడేది ఇదే. ఓఆర్‌ఎస్ అంటే విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు-గ్లూకోజ్ పొడి; లీటరు నీళ్ళకు కలపాల్సిన ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపేస్తారు, అడిగితే "పల్చగా ఉంటే ఏం బలం మేడమ్" అంటారు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు. దాన్ని లీటరు నీళ్ళలో కలిపితే ఆస్మోలారిటీ (ద్రావణంలో ఎన్ని కణికలు కరిగి ఉన్నాయో చెప్పే కొలత, లీటరుకు మిల్లీఆస్మోల్స్‌లో) 245 వస్తుంది, మన రక్తానిది 275 నుంచి 295 మధ్య ఉంటుంది. పేగులో ద్రావణం రక్తం కంటే కాస్త పల్చన కాబట్టి నీళ్ళు రక్తంలోకి పోతాయి. అదే ప్యాకెట్ 200 మి.లీ. గ్లాసులో పడితే ఆస్మోలారిటీ 1,200 దాటిపోతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి పెడితే ఊట దిగుతుంది కదా, అచ్చం అలాగే బిడ్డ ఒంట్లో నీళ్ళు పేగులోకి ఊరతాయి. విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం కూడా పెరుగుతుంది. గ్లాసుకు కలిపే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటే అన్నే, కొలిచి పోయండి.

అసలు పాత ఫార్ములా ఆస్మోలారిటీ 311. 2002లో దాన్ని 245కి తగ్గించింది కూడా అందుకే, పల్చన చేశాక పిల్లల్లో వాంతులు, విరేచనాలు, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం అన్నీ తగ్గాయి.

అపోహ: కూల్‌డ్రింక్ అయినా, టెట్రా ప్యాక్ జ్యూస్ అయినా లోపలికి పోయేది నీళ్ళే కదా.

అంత సులువుగా పోవు. వాటిలో చక్కెర దండిగా ఉంటుంది, సోడియం నామమాత్రం. పేగు కణాల పొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంది, అది ఒక గ్లూకోజ్ అణువును రెండు సోడియం అయాన్లతో కలిపి మాత్రమే లోపలికి తీసుకుంటుంది, వాటి వెనకే నీళ్ళు వెళ్తాయి. కలరాలో కూడా ఈ దారి మూతపడదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చినప్పుడు సెలైన్ నిల్వలు చాలక డాక్టర్ దిలీప్ మహాలనాబిస్ ఉప్పు-గ్లూకోజ్ నీళ్ళు తాగించి ఎంతోమందిని బతికించింది ఈ దారిలోనే. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పాటించని డ్రింకులు లేబుల్ మీద ఓఆర్‌ఎస్ అని రాసుకోకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) 2025 అక్టోబరులో చెప్పింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ళ పోరాటం ఉంది. ఆలస్యమే, అయినా మంచిదే.

అపోహ: నీరసంగా ఉంటే సెలైన్ పెట్టించుకుంటే బలం.

నార్మల్ సెలైన్ అంటే లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు. కేలరీలు సున్నా. "గ్లూకోజ్ బాటిల్" అర లీటరులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, ఒక అరటిపండు తింటే అయిపోయే లెక్క.

అపోహ: ఆస్మోలారిటీ రక్తంతో సమానమైతే ఏ బాటిలైనా ఒకటే.

ఇది జూనియర్ డాక్టర్ల కోసం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ (పైన చెప్పిన గ్లూకోజ్ బాటిలే) ఆస్మోలారిటీ 278, నార్మల్ సెలైన్‌ది 308. కాగితం మీద రెండూ రక్తానికి దగ్గరే. కానీ గ్లూకోజ్ కణాల్లోకి పోయి ఖర్చయిపోతుంది, మిగిలేది ఉత్త నీళ్ళు, అవి కూడా కణాల్లోకి చేరతాయి. ఒళ్ళు బాగోలేని పిల్లాడికి డెక్స్‌ట్రోజ్ ఒక్కటే ఎక్కిస్తూ పోతే సోడియం పడిపోయి, మెదడు వాచి, ఫిట్స్ వచ్చేది ఇందుకే. "నీళ్ళు ఎక్కువ గాఢత వైపు పోతాయి" అని కంఠస్థం చేస్తారు గానీ, కణం పొర దాటలేక బయటే ఉండిపోయే కణికలే నీళ్ళను పట్టి ఉంచుతాయన్నది వదిలేస్తారు. నమ్మకం లేకపోతే ల్యాబ్‌లో రక్తంతో సమాన ఆస్మోలారిటీ ఉన్న యూరియా ద్రావణంలో ఎర్ర రక్తకణాలు వేసి చూడండి. యూరియా పొర దాటేస్తుంది, వెనకే నీళ్ళు, కణాలు పగిలిపోతాయి.

అపోహ: ఓఆర్‌ఎస్ తాగించినా మోషన్స్ ఆగలేదు, మందు పనిచేయలేదు.

దాని పని మోషన్స్ ఆపడం కాదు, పోయిన నీళ్ళు తిరిగి పొయ్యడం. రెండేళ్ళలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., ఆపైన పదేళ్ళ వరకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు, అన్నం ఆపొద్దు. కళ్ళు గుంటలు పడి, మగతగా ఉండి, తాగలేకపోతుంటే మాత్రం ఇంట్లో కూర్చోకుండా హాస్పిటల్‌కి తీసుకురండి, సెలైన్ నిజంగా కావాల్సింది అప్పుడే.