మారిషస్ శాసనసభలో 'బెస్ట్ లూజర్' సీట్లు: నేపథ్యం

మారిషస్ జాతీయ శాసనసభలో వర్గాల సమతూకం కోసం ఓడిన అభ్యర్థుల్లో కొందరికి ఇచ్చే అదనపు సీట్లే 'బెస్ట్ లూజర్' సీట్లు. ఆ సభకు పోటీ చేసే అభ్యర్థి తాను ఏ వర్గానికి చెందినవాడో నామినేషన్ పత్రంలో ప్రకటించాలి. రాజ్యాంగం గుర్తించిన వర్గాలు నాలుగే: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, ఈ మూడింటిలోనూ చేరని వారందరితో కూడిన 'జనరల్ పాపులేషన్'. తెలుగు ప్రాంతాల నుంచి చెరకు తోటల కూలికి వెళ్లినవారి వారసులకు అక్కడ ఉగాది నాడు ప్రభుత్వ సెలవు ఉన్నా, ఎన్నికల లెక్కలో మాత్రం వారు హిందువుల పద్దులోకే వస్తారు.

ఈ ప్రకటన అవసరం వలస పాలన చివరి దశలో పుట్టింది. 1948లో ఏదో ఒక భాషలో చదవడం, రాయడం వచ్చినవారికి ఓటు దక్కడంతో భారత సంతతివారి బలం ఒక్కసారిగా పెరిగింది. 1959లో వయోజనులందరూ ఓటు వేశారు. మెజారిటీ పాలనలో తమకు చోటు ఉండదని భయపడిన ముస్లిం నాయకులు, క్రియోల్ (ప్రధానంగా ఆఫ్రికా మూలాలున్నవారు), ఫ్రెంచి సంతతివారి మద్దతున్న పార్టీ నాయకులు ప్రత్యేక రక్షణలు కోరారు. శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని లేబర్ పార్టీ మాత్రం వర్గాలవారీ ఓటర్ల జాబితాలకు ఒప్పుకోలేదు. అప్పట్లో గవర్నరు నామినేట్ చేసే సభ్యులతో ఆ లోటు కొంత పూడేది కానీ, స్వతంత్ర దేశంలో అది కుదిరేది కాదు.

స్వాతంత్ర్యంపై చర్చించిన 1965 లండన్ సమావేశం తరువాత ఎన్నికల పద్ధతిని రూపొందించే పని బాన్‌వెల్ కమిషన్‌కు అప్పగించారు. కమిషన్ సూచించిన దిద్దుబాటు సీట్లపై అభ్యంతరాలు రావడంతో, 1966లో బ్రిటిష్ మంత్రి జాన్ స్టోన్‌హౌస్ మారిషస్ వెళ్లి పార్టీలతో మాట్లాడి రాజీ కుదిర్చారు. ప్రధాన ద్వీపంలోని 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి, మారిషస్‌కే చెందిన చిన్న ద్వీపం రోడ్రిగ్స్ నుంచి ఇద్దరు గెలుస్తారు. ఈ 62 మందికి అదనంగా, ఓడినవారిలో మెరుగైన ఓట్ల శాతం తెచ్చుకున్నవారికి గరిష్ఠంగా 8 సీట్లు ఇస్తారు. ఒక్కో వర్గం జనాభాను, ఆ వర్గానికి అప్పటికే ఉన్న సీట్లకు ఒకటి కలిపి వచ్చిన సంఖ్యతో భాగిస్తారు. ఎవరికి పెద్ద అంకె వస్తే తరువాతి సీటు వారిది. మొదటి 4 సీట్లకు పార్టీ ఏదన్నది చూడరు. మిగతా 4 సీట్లను, మొదటి విడతతో మారిన పార్టీల బలాబలాలను సరిచేసేలా పంచుతారు.

1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన పక్షానికి దాదాపు 44 శాతం ఓట్లు వచ్చాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో అల్లర్లు చెలరేగగా, మార్చి 12న దేశం స్వతంత్రమైంది. ఆనాటి భయాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు.

ఇప్పటి చిక్కు మాత్రం 1982లో మొదలైంది. జనగణనలో వర్గం అడగడం మానేస్తూ ఆ ఏడాది రాజ్యాంగాన్ని సవరించి, సీట్ల పంపకానికి 1972 లెక్కలనే శాశ్వతం చేశారు. ప్రజల్ని వర్గాలుగా లెక్కించరాదన్న ఆదర్శం మంచిదే. సీట్లను వర్గాలవారీగా పంచే సూత్రాన్ని అలాగే వదిలేయడం వల్ల ఆ సవరణ సగంలోనే ఆగిపోయింది. వర్గం ప్రకటించబోమన్న రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నాటివ్ పార్టీ అభ్యర్థుల నామినేషన్లు చెల్లకపోవడంతో వివాదం ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లింది. తాజా జనాభా లెక్కలు లేకుండా ఈ ప్రకటన కోరడం నిరంకుశమని 2012లో కమిటీ తేల్చింది. 2014లో చేసిన చట్టం ప్రకటనను ఐచ్ఛికం చేసింది గాని, ఆ ఒక్క ఎన్నికకే.

రద్దు చేయడమూ తేలిక కాదు. ముగ్గురేసి గెలిచే పద్ధతిలో గాలి ఒకవైపు వీస్తే ప్రత్యర్థులు తుడిచిపెట్టుకుపోతారు: 1982, 1995, 2024లలో ప్రధాన ద్వీపంలోని 60 సీట్లూ ఒకే కూటమికి దక్కాయి. మూడుసార్లూ అక్కడ ఓడిన పక్షాలవారు సభలో అడుగు పెట్టింది బెస్ట్ లూజర్ సీట్లతోనే. మైనారిటీ వర్గాల కోసం పెట్టిన ఏర్పాటు ఇలా ప్రతిపక్షానికీ ఆధారం కావడంతో, దాన్ని తొలగించాలనే వారు ముందు ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి ఎలా ఉండాలో తేల్చాలి. ఎన్నో ఏళ్లుగా పార్టీల మధ్య ఒప్పందం కుదరనిది సరిగ్గా అక్కడే.