బ్రిటన్ వేసవిలో టెంటు వేసేవాళ్లకు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండలకి, స్కాట్లండ్‌కి వేసవిలో క్యాంపింగ్ గ్రూపుల్ని తీసుకెళ్లడం నా పని. వచ్చేవాళ్లలో మన తెలుగు కుటుంబాలే ఎక్కువ. బయల్దేరే వారం ముందు నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్, వాన పడుతుందా అని. పడుతుందండి, పడకపోతేనే వింత. కానీ నేను చూసినంతలో అర్ధరాత్రి జనాన్ని టెంట్లోంచి లేపేది వాన కాదు. గాలి, చల్లటి నేల, టెంటు వేసిన చోటు, ఈ మూడే. వీటి గురించి ఎవరూ అడగరు.

అపోహ: జులై, ఆగస్టుల్లో వెళ్తే వాతావరణం నిలకడగా ఉంటుంది

పిల్లలకి సెలవులు అప్పుడే కాబట్టి అలా అనుకుంటాం, అంతే. స్కాట్లండ్ పశ్చిమ కొండల్లో వానలు తక్కువగా ఉండేది ఏప్రిల్ నుంచి జూన్ వరకు. ఇక ఆగస్టు సంగతి చూడండి: 2020లో ఎలెన్, ఫ్రాన్సిస్ తుఫాన్లు వారం తిరక్కుండా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, 2023లో ఆంటొనీ, 2024లో లిలియన్, 2025లో ఫ్లోరిస్, అన్నీ ఆగస్టులోనే. ఇదే బ్రిటన్‌లో 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. కాబట్టి రెయిన్ జాకెట్, సన్‌స్క్రీన్ రెండూ సర్దుకోవాల్సిందే. హైదరాబాద్ ఎండలు తప్పించుకుందామని అమ్మానాన్నలు మే నెలలో వస్తుంటారు కదా, వాళ్లని అప్పుడే తీసుకెళ్లండి. కాకపోతే రాత్రిపూట ఉన్ని టోపీ, మంచి స్వెట్టర్ లేకుండా మాత్రం వద్దు.

అపోహ: యాప్‌లో వాన 40 శాతమే చూపిస్తోంది, పర్లేదు

40 శాతం అంటే రోజులో 40 శాతం సేపు పడుతుందని కాదు, చిన్న జల్లు అని అంతకన్నా కాదు. ఆ సమయంలో ఆ చోట వాన పడే అవకాశం పదింట నాలుగు అని. పడితే కుండపోతగా కూడా పడొచ్చు. పైగా యాప్ చెప్పేది దగ్గర్లోని ఊరి సంగతి, మీరుండేది కొండ కింద. లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్ పట్నం నుంచి కారులో కాసేపట్లో చేరే సీత్‌వెయిట్‌లో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఇంగ్లండ్‌లో జనం నివసించే చోట్లలో ఇంకెక్కడా అంత పడదు. హైదరాబాద్‌లో పడేది 800కి అటూ ఇటూ. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, అందుకే ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన 978 మీటర్ల స్కాఫెల్ పైక్ కొండ మీదికి వెళ్లేవాళ్లు బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ వాళ్ల పర్వత సూచన విడిగా చూసుకోవాలి.

నేనైతే వాన అంకె కన్నా ముందు గాలి అంకె చూస్తాను. మామూలు గాలి వేగం ఒకటి, మధ్యమధ్య విసిరికొట్టే ఈదురు వేగం ఒకటి, రెండూ ఇస్తారు. ఆ రెండోది గంటకి 40 మైళ్లు దాటుతుందంటే నిలబడి నడవగలిగే పెద్ద ఫ్యామిలీ టెంట్లతో నేను బయల్దేరను, తిట్టుకున్నా సరే. అలాగని గాలి అసలు లేకపోయినా కష్టమే, స్కాట్లండ్‌లో మిడ్జెస్ అనే సన్న దోమలు పీక్కుతింటాయి.

అపోహ: ఖరీదైన వాటర్‌ప్రూఫ్ టెంటు కొన్నాం, ఇక తడవం

టెంటు మీద 3,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే, అంత ఎత్తున నీళ్లు నిలబెట్టినా గుడ్డ ఓర్చుకుంటుందని అర్థం. ఇక్కడి ముసురుకి అది చాలు. మరి పొద్దున్నే ఫిర్యాదు చేస్తారే, టెంటు కారుతోందని? చాలాసార్లు అది వాన కాదు, లోపల పడుకున్న నలుగురి ఊపిరే. చలి అని కిటికీలన్నీ బిగించేస్తే, ఆ ఆవిరి చల్లటి మజ్జిగ గ్లాసుకి చెమట పట్టినట్టు గుడ్డకి పట్టి కారుతుంది. గాలి కన్నాలు రాత్రంతా తెరిచే ఉంచండి. టెంటు కింద పరిచే షీటు కూడా చూసుకోండి. అది టెంటు అడుగు కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి, అంచులు బయటికి వస్తే వాన నీళ్లన్నిటినీ పట్టి మీ వీపు కిందికే చేరుస్తుంది.

అసలు సగం పని చోటు ఎంచుకోవడంలోనే ఉంది. గడ్డి మెత్తగా, పచ్చగా, చదునుగా కనిపించే పల్లం అందరికీ నచ్చుతుంది, నీళ్లు చేరేదీ అక్కడికే. కాస్త మెరకన వేయండి, టెంటు సన్నటి వైపుని గాలికి ఎదురుగా పెట్టి, తాళ్లన్నీ కట్టండి. ఎండగా ఉంది కదా అని తాళ్లు కట్టకుండా వదిలేసినవాళ్లు రాత్రి రెండింటికి సెల్ టార్చ్ వెలుగులో మేకులు వెతుక్కుంటుంటారు.

వాగు పక్కన, చెట్టు కింద అయితే బాగుంటుందంటారా? స్పెయిన్‌లోని బియెస్కాస్‌లో 1996 ఆగస్టు 7న కొండవాగు పొంగి క్యాంప్‌సైట్‌ని ఊడ్చేస్తే 87 మంది చనిపోయారు. ఫ్రాన్స్‌కి చెందిన కోర్సికా దీవిలో 2022 ఆగస్టు 18న గంటకి 220 కిలోమీటర్లు దాటిన గాలులకి క్యాంప్‌సైట్లలో చెట్లు కూలి ప్రాణాలు పోయాయి.

అపోహ: దుప్పట్లు ఎక్కువ కప్పుకుంటే చలి ఆగుతుంది

చలి కింద నుంచి వస్తుంది. మన బరువుకి స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం నలిగిపోయి వెచ్చదనం పట్టదు. గాలి ఊదే పరుపు వేసుకున్నా అంతే, లోపలి గాలి చల్లబడిపోతుంది. కింద ఇన్సులేషన్ ఉన్న, అంటే నేల చలిని పైకి రానివ్వని మ్యాట్ వేయండి, పైసలు అక్కడ పెట్టండి. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రత అంకెలుంటే ‘కంఫర్ట్’ అన్నదే మీది, ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది ప్రాణం నిలబెట్టుకునే అంకె. జీన్స్, కాటన్ టీషర్ట్ తడిస్తే ఓ పట్టాన ఆరవు, గాలి తగిలితే జూలైలోనూ వణుకు పుడుతుంది.

అపోహ: బయట వాన, కాసేపు బార్బెక్యూ లోపల పెట్టుకుందాం

వద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు, నిద్రలోనే చంపేస్తుంది. కిటికీ తెరిచామన్నది భరోసా కాదు. వానగా ఉంటే ఆ పూట పులిహోర, పెరుగన్నంతో సరిపెట్టుకోండి. ఉరుములు మొదలైతే టెంట్లో కూర్చోకుండా కారెక్కి తలుపులేసుకోండి, ఇనప టాపున్న కారు మెరుపు నుంచి కాపాడుతుంది, టెంటు గుడ్డ కాపాడదు.

ఇంకొకటి, తడి టెంటుని అలాగే చుట్టి వచ్చే ఏడాది తీద్దామనుకుంటారు. బూజు పడుతుంది, ఆ వాసన పోదు. ఇల్లు చేరిన మర్నాటికల్లా పెరట్లోనో, బాత్రూమ్‌లోనో ఆరేయండి.