ఇరవై ఏళ్లు గడువిచ్చే క్యాన్సర్

చాలా క్యాన్సర్లు చెప్పాపెట్టకుండా వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అలా కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత తీరిగ్గా వచ్చే జబ్బు 2022లో దాదాపు 3,50,000 మంది ఆడవాళ్లను పొట్టన పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ మరణాల్లో 94 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనివే.

ధనిక దేశాల్లో వైరస్ లేదా అంటే, ఉంది. లైంగిక జీవితం మొదలైన వాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠ వేస్తుంది. ఇందులో వందకు పైగా రకాలున్నా, ఈ క్యాన్సర్లలో పదింట ఏడింటికి 16, 18 నంబర్ల రకాలే కారణం. కణం అడ్డూ అదుపూ లేకుండా చీలిపోకుండా కాపలా కాసే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. వైరస్ మొదట వాటిని పని చేయనివ్వదు. ఆ తర్వాత కణాలు మెల్లగా రూపు మారుతూ పోతాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు. నెలసరి కాని రోజుల్లో రక్తం కనపడిందని ఆస్పత్రికి వెళ్లేసరికి చాలామందికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ, పైగా ఆ పదిహేనేళ్లు వాళ్లకు ఐదు పదేళ్లకు కుదించుకుపోవచ్చు. సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో ఈ క్యాన్సర్ అంత ఎక్కువగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

అసలు తేడా ఆ గడువులో ఎవరైనా తొంగిచూశారా లేదా అన్న దగ్గరే ఉందని నా అభిప్రాయం. ఫిన్‌లాండ్ లాంటి దేశాలు 1960లలోనే, ముఖద్వారం నుంచి కొన్ని కణాలు తీసి మైక్రోస్కోపులో చూసే పాప్ స్మియర్ పరీక్షకు ఆడవాళ్లను పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాయి. కానీ ఆ పరీక్షకు ల్యాబ్ కావాలి, స్లైడు చూసి చెప్పే నిపుణులు కావాలి. రిపోర్టు వచ్చాక ఆమెను మళ్లీ పిలిపించాలి. దినకూలీ పోగొట్టుకుని ఒకసారి వచ్చిన మనిషి రెండోసారి రాకపోవచ్చు.

అందుకే పేద దేశాల కోసం పట్టించుకోదగ్గ పద్ధతి ఒకటి వచ్చింది. వినిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా కలిపి, దూదితో గర్భాశయ ముఖద్వారానికి అద్దుతారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. మామూలు చోటు గులాబీ రంగులోనే ఉంటుంది. మారిన కణాలున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. అవసరమైతే అప్పటికప్పుడే చల్లదనంతోనో వేడితోనో ఆ చోటును మాడ్చేయొచ్చు. ముంబైలో సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లతో జరిగిన అధ్యయనంలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేశారు. పరీక్ష అందిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేలింది. అయితే పోలిక కోసం మిగతా సగం మందికి పరీక్ష చేయకుండా వదిలేయడం న్యాయమా అన్న విమర్శ కూడా గట్టిగానే వచ్చింది. అడగాల్సిన ప్రశ్నే అది.

ఈ కంటిచూపు పరీక్షలో పొరపాట్లు ఎక్కువ. వైరస్‌నే నేరుగా పట్టే హెచ్‌పీవీ పరీక్ష ఇంతకంటే నమ్మదగినది, నమూనాను ఆడవాళ్లు తామే తీసి ఇవ్వొచ్చు కూడా. ఖర్చే ఇబ్బంది.

హెచ్‌పీవీ సోకకముందే వేయాల్సిన టీకా 2006లో వచ్చింది. ఆఫ్రికాలో దేశమంతటా ఆడపిల్లలకు వేయడం మొదట ప్రారంభించింది రువాండా, 2011లో. తొలి ఏడాదే నూటికి తొంభై మందికి పైగా వేశారు. ఆనాటి బడి పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. వాళ్ల అమ్మలకు మాత్రం ఇప్పటికీ పరీక్షే దిక్కు.