అపోహలు - వాస్తవాలు: ఒక సిస్టమ్, రెండు ఓఎస్‌లు, మీరు కొన్న గేములు

మా కొట్టు పర్లాకిమిడిలో. ఊరు ఒడిశాదే అయినా కౌంటర్ దగ్గర వినిపించేది ఎక్కువగా తెలుగే. పక్కనే ఉన్న పాతపట్నం నుంచి కూడా బండి మీద సీపీయూలు పెట్టుకుని వస్తుంటారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. అప్పటి నుంచి, విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లలో పక్కన ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం ఓఎస్) కూడా వేయమని అడిగేవాళ్లు పెరిగారు. ఇంజినీరింగ్ పిల్లలైతే ల్యాబ్ పని కోసం ఎప్పటినుంచో డ్యూయల్ బూట్ (ఒకే సిస్టమ్‌లో రెండు ఓఎస్‌లు) పెట్టించుకుంటున్నారు. "మరి నా గేములు ఉంటాయా?" అని అందరూ అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న స్నేహితుడు ఏదో ఒకటి చెప్పేస్తాడు. ఆ చెప్పేవాటి గురించే ఇది.

అపోహ: "రెండో ఓఎస్ వేస్తే లైసెన్సు పోతుంది, గేమ్ మళ్లీ కొనాలి."

పోదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల స్టోర్‌లో కొన్నది మీ అకౌంటులో ఉంటుంది, హార్డ్ డిస్కులో కాదు. అనుమానముంటే స్టీమ్ అకౌంట్ వివరాల్లో లైసెన్సులు, ప్రొడక్ట్ కీ యాక్టివేషన్ల పేజీ తెరవండి. ఏ గేమ్ ఏ తేదీన చేరిందో వరసగా కనిపిస్తుంది. ఉబుంటులోనూ అదే అకౌంటుతో లాగిన్ అవ్వండి. కొత్త డివైస్ అనుకుని స్టీమ్ గార్డ్ కోడ్ (ఓటీపీ లాంటిది) అడుగుతుంది. హ్యాక్ అయిందేమోనని దానికీ టెన్షన్ పడేవాళ్లున్నారు. లాగిన్ అవుతున్నది మీరే అయితే భయం లేదు, కోడ్ కొట్టేయండి.

ఇక అసలు డబ్బులు పోయేది దీని దగ్గర.

అపోహ: "యాక్టివేషన్ లిమిట్ అని వచ్చిందా, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేస్తే సరి."

లైసెన్సు వేరు, యాక్టివేషన్ వేరు. కాలేజీలో అడ్మిషన్ ఒక్కటే, అటెండెన్సు మాత్రం ఏ క్లాసుకి ఆ క్లాసే కదా, ఇదీ అంతే. దొంగ కాపీలు ఆడకుండా వేసే డెనువో అనే తాళం ఉన్న గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు మీ హార్డ్‌వేర్, ఓఎస్ వివరాలు సర్వర్‌కి పంపి, ఒక అనుమతి ఫైలు తెచ్చుకుంటుంది. అదే సిస్టమ్ అయినా విండోస్ ఒక మెషీన్ కింద, ఉబుంటు ఇంకో మెషీన్ కింద లెక్క. అది చాలదన్నట్టు, లినక్స్‌లో విండోస్ గేములు ఆడించే ప్రోటాన్‌కి వెర్షన్ మార్చినా కొత్త మెషీన్ అనుకోవచ్చు. ఇలాంటి చాలా గేములకు లిమిట్ ఒక రోజులో 5 మెషీన్లు. కొనే ముందే స్టోర్ పేజీలో చిన్న పెట్టెలో ఆ సంగతి రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

దసరా సెలవుల్లో ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. ఉబుంటులో గేమ్ నత్తనడక నడుస్తోందని, ఏదో వీడియో చూసి ఆ అబ్బాయి ప్రోటాన్ వెర్షన్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చాడు. సాయంత్రానికి లిమిట్ దాటిందన్న మెసేజ్. ఆ నిమిషానికి విండోస్ వైపు పాత అనుమతి ఫైలు భద్రంగానే ఉంది, అక్కడ హాయిగా ఆడుకోవచ్చు. కంగారులో ఆ విండోస్‌నే ఫార్మాట్ కొట్టాడు. ఉన్న ఫైలు పోయింది, కొత్తది ఆ రోజుకి రాదు. పాత అకౌంటులో అదే గేమ్ మళ్లీ కొననివ్వదు కాబట్టి కొత్త అకౌంటు తెరిచి, నాన్న ఫోన్‌లోంచి యూపీఐ కొట్టి ఇంకో కాపీ కొన్నాడు. తెల్లారి బ్యాంకు మెసేజ్ చూసుకుని ఆయన కొడుకునీ సీపీయూనీ వెంటబెట్టుకొచ్చారు. "రెండోసారి కట్టిన డబ్బులు పోయినట్టేనేటి బాబూ?" అన్నారు. పోలేదు. కొని 14 రోజులు దాటకుండా, ఆట 2 గంటలు మించకుండా ఉంటే స్టీమ్‌లో రిఫండ్ అడగొచ్చు. అక్కడే కౌంటర్ మీద అడిగించాను. 24 గంటలు నిండాక, ఆ సాయంత్రం పాత అకౌంటులో గేమ్ దానంతటదే తెరుచుకుంది. నేను చేసిన రిపేరంటూ ఏమీ లేదు.

కాబట్టి లిమిట్ మెసేజ్ వస్తే సిస్టమ్‌ని ముట్టుకోకండి. 24 గంటలు ఆగండి. ప్రోటాన్ ఏ వెర్షన్ పనిచేస్తుందో ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ముందే చూసుకుని, ఒకటి పెట్టుకున్నాక కదపొద్దు.

"మూడుసార్లు వేస్తే గేమ్ చచ్చిపోతుంది" అన్న పుకారు పూర్తిగా గాలి కబురు కాదు. 2008లో వచ్చిన స్పోర్ అనే గేమ్‌కి నిజంగానే 3 యాక్టివేషన్లే ఇచ్చారు. కొన్నవాళ్లు గోల చేశాక 5కి పెంచారు. ఆ రోజుల్లో 24 గంటలు ఆగితే లెక్క తిరిగి మొదలవడం లేదు. ఆ కాలపు భయం ఇప్పటి గేములకి అంటగట్టకండి.

మిగతావి గబగబా. ఉబుంటు వేస్తే విండోస్ లైసెన్సు పోదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లలో కీ బయోస్‌లోనే (మదర్‌బోర్డు చిప్‌లోనే) ఉంటోంది. స్థలం కలిసొస్తుందని రెండు ఓఎస్‌లకీ ఒకే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే డిస్క్ ఫార్మాట్) డ్రైవులో స్టీమ్ ఫోల్డర్ పెట్టకండి. ప్రోటాన్ తయారుచేసే కొన్ని ఫైళ్ల పేర్లు విండోస్‌కి సరిపడవు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా, త్వరగా తెరుచుకునే సెట్టింగు) ఆపకపోతే ఆ డ్రైవులో ఉబుంటు ఏమీ రాయలేదు, దాన్నే లైసెన్సు తప్పు అనుకుంటారు. వాలొరెంట్ గేమ్ లినక్స్‌లో ఆడదు, అది యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) గొడవ. 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ అనే యాంటీచీట్ వచ్చినప్పటి నుంచి జీటీఏ ఆన్‌లైన్ సంగతీ అంతే. ఎన్ని అకౌంట్లు మార్చినా ఉపయోగం లేదు.

చివరగా, "ఆఫ్‌లైన్ యాక్టివేషన్" పేరుతో టెలిగ్రామ్‌లో చవగ్గా అమ్మేవి. వాళ్లు మీకిచ్చేది లైసెన్సు కాదు, ఎవరిదో అకౌంటుతో తెచ్చిన ఆ అనుమతి ఫైలు మాత్రమే. విండోస్ మళ్లీ వేసినా, ఉబుంటుకి మారినా అది చెల్లదు. అప్పటికి అమ్మినవాడు మెసేజ్‌కి కూడా పలకడు. అలాంటివి తెస్తే నేనూ ఏమీ చేయలేను. స్టీమ్‌లో వేసవి, శీతాకాలం సేల్స్ వస్తాయి. అప్పటిదాకా ఆగి సొంత అకౌంటులో కొనుక్కోండి.