ఏడు లెక్కలో నడిచే గ్రీకు నాట్యం

ప్రియమైన పిల్లలకు,

మిశ్ర చాపు దగ్గర మీకు తాళం తప్పుతోందని మీ అమ్మ చెప్పింది. తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. ఈ ఏడు లెక్క మన దక్షిణాదిలోనే ఉందనుకోకండి. గ్రీసులో పెళ్లిళ్లలో, ఊరి పండుగల్లో జనం చేతులు పట్టుకుని వలయంగా ఆడే కలమతియానోస్ నాట్యానిదీ ఏడు లెక్కే: మూడు, రెండు, రెండు. మొదటి అడుగు నిదానంగా పడుతుంది, తర్వాతి రెండూ చకచకా పడతాయి. వరుసకు ముందుండే మనిషి చేతిరుమాలు పట్టుకుని అందరినీ నడిపిస్తాడు.

ఇలాంటి నాట్యాలను పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన నికోస్ స్కల్కోటాస్ గురించి మీకు చెప్పాలి. ఆయన 1904లో ఎవియా ద్వీపంలోని హల్కిదాలో పుట్టారు. వయొలిన్‌లో ఆరితేరి, 1921లో బెర్లిన్ వెళ్లి, కొన్నేళ్లకు ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ అనే స్వరకర్త దగ్గర శిష్యులయ్యారు. షోన్‌బెర్గ్ కనిపెట్టిన పద్ధతిలో పన్నెండు స్వరాలకూ ఒకటే హోదా. మనకు షడ్జమంలా ఆధారంగా నిలిచే స్వరం అందులో ఉండదు.

అంత కఠినమైన విద్య నేర్చిన మనిషి 1931 నుంచి 1936 దాకా 36 గ్రీకు నాట్యాలు రాశారు. క్రీటు, ఎపిరస్, థెస్సలీ, ఇలా ఊళ్లూ సీమల పేర్లే వాటిలో చాలావాటికి పేర్లు. 1933లో ఏథెన్స్‌కు తిరిగి వచ్చాక, జానపద గీతాల రికార్డులు విని స్వరలిపిలో రాసే పని కూడా చేశారు. పల్లెవాళ్లు ఒక స్వరం మీద ఎక్కడ ఆగుతారో, ఎక్కడ జారుతారో వినకుండా ఆ పని సాగదు.

36లో కొన్ని బాణీలు పల్లెలవి, కొన్ని ఆయన సొంతం. ఏది ఏదో తెలియనివాళ్లు విని విడదీయలేరు. నన్నడిగితే ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది. నాట్యం నడకను ఆయన చెదరనివ్వలేదు. కొత్తదనమంతా బాణీ చుట్టూ ఉంది: దాని కింద ఊహించని స్వరాలు ఒరుసుకుంటాయి, పల్లె వాద్యాల చోట ఇత్తడి బాకాలు విరుచుకుపడతాయి. అయినా కాలు కదపాలనిపిస్తుంది!

బతుకుతెరువు కోసం ఆయన ఏథెన్స్ ఆర్కెస్ట్రాల్లో వెనక వరుసల్లో కూర్చుని వయొలిన్ వాయించారు. 45 ఏళ్లకే, 1949లో కన్నుమూశారు. కొన్ని నాట్యాలు తప్ప ఆయన రాసినవాటిలో ఎక్కువ భాగం ఆయన బతికుండగా ఎవరూ వాయించలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కష్టపడుతుంది.

ఆ 36లోంచి ముందు 'త్సామికోస్' వినండి. అది మూడు లెక్క, మీకు తేలిక. ఊళ్లో ఆ నాట్యం ఆడేటప్పుడు ముందున్నవాడు పక్కవాడి చేతిరుమాలు ఆసరాగా పట్టుకుని గాల్లోకి ఎగురుతాడు. ఆ ఎగురు వాద్యాల్లో వినిపిస్తుందేమో చూడండి. తర్వాత 'కలమతియానోస్' పెట్టుకుని, తకిట తక తక అని చేత్తో వేస్తూ వినండి. తప్పితే పాట ఆపకండి, తర్వాతి తకిట దగ్గర అందుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య