‘కాబట్టి’ అనే మాటకు బలం ఎక్కడిది?

నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఎండాకాలంలో తిరుపతి నుంచి చూస్తున్నప్పుడు శేషాచలం మీద ఎక్కడో పొగ లేచిందనుకుందాం. అడవి అంటుకుందని ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మనం నిప్పును చూడలేదు, చూసింది పొగనే. చూసినదాన్నుంచి చూడనిదాని దాకా మనసు వేసిన ఆ ఒక్క అడుగుకు ఆధారమేమిటి? తర్కానికి పునాది ప్రశ్న ఇదే. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం శతాబ్దాల తరబడి కొండనూ పొగనూ ఉదాహరణగా పెట్టుకుని ఆ అడుగునే పరీక్షించింది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలోనూ ఈ కొండే ఉంటుంది. న్యాయం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు.

నైయాయికులు, అంటే ఈ న్యాయదర్శన పండితులు, ఆ అడుగును ఐదు వాక్యాలుగా విడదీశారు. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ ఉంది, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండా అలాంటిదే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం. మొదటిదీ చివరిదీ ఒకటే కదా, నాలుగోది రెండోదాన్నే మళ్లీ చెబుతోంది కదా, ఐదెందుకు అని పాతకాలంలోనే గట్టిగా అడిగారు. ఆ నాలుగోదాని సంగతికి మళ్లీ వద్దాం.

ఈ అడుగు తడబడే చోట్లలో తేలికైనది హేతువు. మార్గశిరంలో తెల్లవారుజామున కొండను కమ్మేది మంచు, దాన్ని పొగ అనుకుంటే తర్కం ఎంత సరిగ్గా సాగినా ఫలితం తప్పే. అసలు హేతువే అక్కడ లేదు కనుక దీన్ని అసిద్ధం అన్నారు. ఆరిపోయిన మంట తాలూకు పొగ గాలిలో తేలుతుండవచ్చు కూడా. అందుకే మొదలు తెగకుండా కింది నుంచి లేస్తున్న పొగనే లెక్కలోకి తీసుకోవాలన్నారు.

ఎక్కువమంది పడేది వ్యాప్తి దగ్గర, అంటే ‘ఇది ఉన్నచోటల్లా అది ఉంటుంది’ అనే విడదీయరాని సంబంధం దగ్గర. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పుంటే పొగ ఉంటుందా? కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంది, పొగ లేదు. మరి కొన్ని నిప్పులకే పొగ ఎందుకొస్తుంది? చిత్తూరు పల్లెల్లో బెల్లం వండేచోట దీనికి జవాబు కళ్లెదుటే ఉంది. గానుగలోంచి అప్పుడే వచ్చిన చెరకు పిప్పి బరువులో దాదాపు సగం నీరే. దాన్ని గలగలలాడేదాకా ఎండబెట్టి పొయ్యిలో వేస్తే మంట భగ్గున లేస్తుంది, పొగ పలచగా ఉంటుంది. పచ్చి పిప్పి వేస్తే వేడిలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పిప్పి సరిగా కాలక పొగ దట్టంగా కమ్ముకుంటుంది. అంటే పొగకు నిప్పొక్కటే చాలదు, తడి వంటచెరకు కూడా కలవాలి. ఇలా చాటున ఉండి పని చేసే షరతుకు ఉపాధి అని పేరు. గాలి చాలకపోతే ఎండు కట్టె కూడా పొగ చిమ్ముతుంది కనుక, ‘తడి’ బదులు ‘పూర్తిగా కాలకపోవడం’ అనడం ఇవాళ్టి రసాయనశాస్త్రం ప్రకారం సరైన మాట. ఉపాధి పేరు మారింది గానీ దాన్ని పట్టుకునే పరీక్ష మారలేదు.

ఆ పరీక్షలో ప్రశ్నలు రెండే. మనం తేల్చదలచిన ఫలితం ఉన్న ప్రతిచోటా ఆ షరతు ఉందా? మనం చూపే కారణం ఉన్న ప్రతిచోటా ఉందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని వస్తే ఉపాధి దొరికినట్టే, వాదం నిలవదు. దీన్ని తోతాపురి మామిడి తోటకు పెట్టి చూడండి. ‘ఈసారి పూత విరగబూసింది కాబట్టి కాపు బాగుంటుంది’ అంటారు. కాపు బాగున్న ప్రతి తోటలోనూ పిందె నిలిచే ఉంటుంది. పూత బాగున్న ప్రతి తోటలోనూ నిలుస్తుందా? లేదు. తేనెమంచు పురుగు పట్టినా, పూత మీద అకాల వాన పడినా రాలిపోతుంది. మామూలుగానే మామిడి పువ్వుల్లో నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. పూతను చూసి తోటకు ధర కట్టేవారు మరిచేది ఈ రెండో ప్రశ్ననే.

హేతువూ వ్యాప్తీ రెండూ సరైనవే అనుకుందాం. అప్పుడైనా ‘కాబట్టి’ అనడానికి హక్కెక్కడిది? 1895లో ఆంగ్ల రచయిత లూయిస్ కరోల్ ఈ చిక్కును గ్రీకు వీరుడు అకిలీస్‌కూ తాబేలుకూ మధ్య సంభాషణగా రాశాడు. దాన్ని మన కొండ దగ్గరికి తెస్తే ఇలా ఉంటుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని తాబేలు ఒప్పుకుంది. ఈ కొండ మీద పొగ ఉందనీ ఒప్పుకుంది. నిప్పుందని మాత్రం ఒప్పుకోదు. ‘ఆ రెండూ నిజమైతే ఇదీ నిజం’ అన్న మూడో వాక్యం చేర్చమంటుంది. చేర్చితే, ‘ఆ మూడూ నిజమైతే’ అని నాలుగోది అడుగుతుంది. ఈ జాబితాకు అంతు లేదు. ఒకదాన్నుంచి ఇంకోటి తేల్చే నియమాన్ని ఇంకో వాక్యంగా మార్చి ఆధారాల్లో కలిపితే అది నియమంగా పనిచేయడం మానేస్తుంది.

ఆ నాలుగో వాక్యం, ఉపనయం, విలువ ఇక్కడ తెలుస్తుంది. నైయాయికుడి దృష్టిలో హేతువునూ వ్యాప్తినీ విడివిడిగా ఒప్పుకుంటే చాలదు. ‘నిప్పును విడిచి ఉండని పొగ ఈ కొండ మీద ఉంది’ అని ఆ రెండూ ఒకే ఎరుకలో కలవాలి. దాన్నే పరామర్శ అంటారు. అది కలిగిందా, నిప్పుందన్న జ్ఞానం దానికి ఫలితంగా పుడుతుంది, మధ్యలో మరో వాక్యానికి చోటు లేదు. తాబేలు వాక్యాలను ఒప్పుకుంది గానీ, దానికి పరామర్శ కలగలేదు. నైయాయికులు ఈ జవాబును తాబేలు కోసం తయారుచేయలేదు. అయినా దాని చిక్కును ఇంత సూటిగా తాకే మాట మరొకటి అరుదు.

ఇక కంటికి కనబడేదే ప్రమాణమనే చార్వాకుడి ప్రశ్న మిగిలింది. అన్ని కాలాల్లో, అన్ని చోట్లా ఉన్న పొగలన్నిటినీ ఎవరు చూశారు? రేపు నిప్పు లేకుండానే పొగ రావచ్చు కదా? వెయ్యేళ్ల కిందట మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు దీనికి వ్యాప్తిని రుజువు చేసి చూపలేదు, సందేహానికి హద్దు చెప్పాడు. మనిషి చేసే పనే అతని సందేహాన్ని కాదంటుంటే ఆ సందేహం అక్కడితో ఆగాలన్నాడు. పొగకు నిప్పు కారణమని ఒప్పుకోనని పగలంతా వాదించిన మనిషి కూడా, సాయంత్రం దోమలకు పచ్చి వేపాకు పొగ వేయాలంటే ముందు అగ్గిపెట్టె కోసమే వెతుకుతాడు.